ఏడో సంపుటం

జెస్సీని బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరూ కొట్టలేదు. ఇంట్లో గానీ, బడిలో గానీ. వాళ్ల నాయన జయరావు చిత్తూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టే పని చేసేవాడు. పొద్దస్తమానం కత్తిపోట్లు, ఎద్దు కుమ్మిన కడుపులు, లారీ చక్రం కింద నలిగిన కాళ్లు చూసి ఇంటికొచ్చేవాడు. వచ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని చెనిక్కాయలు వలిచి పెట్టేవాడు. గొంతు పెంచి ఒక్క మాట అనెరగడు. "రగతం సూసినోడికి కోపమెట్ల వస్తాది పాపా" అనేవాడు. వాళ్లుండే మురకంబట్టు వీధిలో చుట్టుపక్కల పిల్లల వీపులు విమానం మోత మోగుతుంటే, జెస్సీ ఒక్కతే దెబ్బ రుచి తెలియకుండా పెరిగింది.

అందుకేనేమో, ఆమెకు భయం చిరుతిండి లాంటిదయింది. పుస్తకంలోంచి కాస్త తీసి నోట్లో వేసుకుని, ఒళ్లు జలదరించేదాకా చప్పరించి, పుస్తకం మూసేసి హాయిగా నిద్రపోయేది.

పాండిచ్చేరిలో ఫ్రెంచి చదివింది. ఈ కథ జరిగేనాటికి ఆమెకు నలభై ఒక్కేళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫ్రెంచి టీచరు. పెళ్లి చేసుకోలేదు. బైరాగిపట్టెడలో మేడమీద రెండు గదుల ఇల్లు, ఒకటి తనకు, ఒకటి పుస్తకాలకు.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. దాదాపు నూరేళ్ల కిందట పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర సొంతానికి చిన్న అచ్చుకూటం పెట్టుకున్నాడు. వ్యాపారం కోసం కాదు, పిచ్చి కొద్దీ. తమ దేశంలో తాతల కాలంలో రాసిన గగుర్పాటు కథలన్నీ, సమాధులూ తలారులూ పిచ్చాసుపత్రులూ విషం కలిపే విధవరాళ్లూ ఉన్నవన్నీ ఏరి, ఏడు సంపుటాలుగా వేశాడు. ఒక్కో సంపుటం నూట ఇరవై ప్రతులే. ప్రతి దాని వెనకా ఎర్రసిరాతో తన చేత్తో అంకె వేసేవాడు. నూట ఇరవయ్యోది కుట్టడం అయిపోగానే బొమ్మలు చెక్కిన రాగిరేకుల్ని సుత్తితో చితక్కొట్టించేవాడట, మళ్లీ ఎవరూ వెయ్యకుండా. అంచులు కత్తిరించని మందపు కాగితం. ముట్టుకుంటే బట్టలా ఉంటుంది.

జెస్సీకి మొదట మూడో సంపుటం దొరికింది. పాండిచ్చేరి ఆదివారం సంతలో, పాత తాళాల పక్కన. మిగతా అయిదూ పట్టుకోవడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఒకటి కారైక్కాల్‌లో ఒక నోటరీ భార్య బియ్యం డబ్బాలో దాచి పెట్టింది. ఒకటి బెంగళూరులో చనిపోయిన ఫాదరు ట్రంకు పెట్టెలో బైబిళ్ల అడుగున దొరికింది. ఏడోది మాత్రం ఎవరూ చూసినవాళ్లు లేరు. చెదలు తిన్నాయన్నారు, తుపానులో పోయాయన్నారు.

దక్షిణాదిలో ఈ పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు పదకొండు మంది. వాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో జెస్సీకి బాగా నచ్చిన మనిషి పలమనేరు రాజారత్నం. వయసులో ఉన్నప్పుడు పాండిచ్చేరిలో అయిదారేళ్లు హోటలు మేనేజరుగా చేసి, సొంతూరికి తిరిగొచ్చి పాడి పెట్టుకున్నాడు. నలభై ఆవులు. కాగితం చూసి ఏ మిల్లుదో చెప్పగలడు. ఒక హత్య ఏ వాక్యంలో మొదలవుతుందో, రచయిత దాన్ని ఏ క్రియతో దాచాడో, అంత మెత్తగా విప్పి చెప్పేవాడు. నాలుగేళ్లుగా ఆమె ఆ మాటలు చదువుతోంది. స్టాఫు రూములో అలాంటి మాట చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.

జూలైలో ఒకరోజు ఆయన ఆమెకొక్కదానికే ఫొటో పంపాడు. నల్లటి అట్ట, వెనక ఎర్రసిరాలో అంకె. ఏడో సంపుటం. కింద ఇలా రాశాడు: "రండి మేడం. ఫొటోలో కాగితం వాసన రాదు కదా."

శనివారం పొద్దున్నే జెస్సీ బస్సెక్కింది. చిత్తూరులో మారి, మొగిలి ఘాటెక్కేసరికి గాలి చల్లబడింది. పలమనేరు బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకుంది. బెంగళూరు రోడ్డుకు కొంచెం లోపలగా తెల్లటి మిద్దె, వెనక పెద్ద కొట్టం. రాజారత్నం వాకిట్లోకి ఎదురొచ్చి "బోంజూర్" అని నవ్వాడు. యాభై అయిదేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, గోళ్లు చక్కగా కత్తిరించుకున్న చేతులు. ఆ చేతుల్తోనే గుడ్డ విప్పి పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాడు, పసిబిడ్డను పెట్టినట్టు.

జెస్సీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడకుండా తుడుచుకుంది.

"ఏడవండి మేడం, తప్పేముండాది. నేను కూడా ఏడిచినాను" అన్నాడు.

అప్పుడే ఆయన భార్య పంకజాక్షి కాఫీ తెచ్చింది. యాభై ఏళ్లుంటాయేమో, సన్నటి మనిషి. ఎండాకాలం కాకపోయినా చెమట పట్టి ఉంది. గ్లాసు పెట్టేటప్పుడు తొణికి రెండు చుక్కల కాఫీ బల్ల మీద పడింది. పుస్తకం మీద కాదు. పుస్తకానికి జానెడు దూరంలో.

రాజారత్నం జేబురుమాలు తీసి ఆ రెండు చుక్కల్ని అద్దాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెండు నిమిషాలు మేడం. అరవై రెండో పేజీ తియ్యండి, బొమ్మ ఉండాది. సూస్తా ఉండండి" అని లేచాడు. పంకజాక్షి అప్పటికే వెనక గుమ్మం వైపు నడుస్తోంది. పిలవకుండానే. అది జెస్సీ గమనించింది.

వెనక కొట్టంలో గడ్డి కత్తిరించే మిషను మొదలైంది. గరగరమని ఇల్లంతా కదిలేంత మోత. ఆ మోత కింద ఇంకో చప్పుడు వినబడింది. తడి గుడ్డను బండకేసి ఉతికినట్టు. ఒకటి, కొంచెం ఆగి, ఇంకొకటి. అరుపు లేదు. చప్పుడు మాత్రం ఒక లెక్కలో పడుతూనే ఉంది.

జెస్సీ అరవై రెండో పేజీ తీసి ఉంది. ఒక తలారి తన అల్లుడికి పని నేర్పుతూ గుమ్మడికాయల మీద కత్తి సాధన చేయిస్తున్న బొమ్మ. చప్పుడు ఏమిటో ఆమెకు రెండో దెబ్బకే తెలిసింది. తెలిసి, లేవాలనుకుంది. కాళ్లు లేవలేదంటే అబద్ధం. కాళ్లు బాగానే ఉన్నాయి. ఒళ్లో పుస్తకం ఉంది. ఇప్పుడు లేస్తే ఇది మళ్లీ దొరకదు, ఆ మాట ఆమె మనసులో స్పష్టంగా, తెలుగులో వచ్చింది. పేజీ తిప్పింది. అరవై నాలుగు. ఆ పేజీలో ఏముందో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు.

మోత ఆగింది. రాజారత్నం వచ్చాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు. ఊపిరి కొంచెం ఎగదన్నుతోంది, అంతే.

"బొమ్మ ఎట్లుండాది మేడం?"

"బాగుంది సార్" అంది జెస్సీ. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

ఆయన ఎదురుగా కూచుని ఆమెను కాసేపు చూశాడు. ముఖంలో ఒక రకమైన ఆప్యాయత. "మీరు లేచి రాలేదు. నేననుకున్నా, రారని. ఈ కథలు రుచి తెలిసి సదివేవాళ్లం మనం, మనకు కంగారు ఉండదు." పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మీ తావనే ఉండనీండి. నాకేమీ వద్దు. నా మనిషనుకుని ఇస్తా ఉండా."

ఆమె తీసుకుంది.

పక్క సందులోంచి బయటికి వస్తుంటే, నీళ్ల తొట్టి దగ్గర పంకజాక్షి గొంతుక్కూర్చుని చెవి కడుక్కుంటోంది. తొట్టి అంచు మీది నుంచి పల్చటి ఎర్రనీళ్లు కారుతున్నాయి. తలెత్తి జెస్సీని చూసింది, జెస్సీ రొమ్ముకు హత్తుకున్న సంచినీ చూసింది. "పోయిరామ్మా" అంది, ఇంటికొచ్చిన ఎవరికైనా చెప్పినట్టు.

నాలుగు రోజులు జెస్సీ ఆ గుడ్డ ముడి విప్పలేదు. అయిదో రోజు విప్పి, ఒక పేజీ చదివి, మూసేసింది. మిగతా ఆరింటిలో తనకు బాగా ఇష్టమైన కథలు తీసి చూసింది. ఏ కథ తీసినా వెనక గరగరమని మిషను తిరుగుతోంది. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయేది.

పేపర్లో వేసే ఆడవాళ్ల సాయం నంబరుకు ఫోను చేసింది. అవతలి అమ్మాయి వివరాలన్నీ ఓపికగా రాసుకుని, "మీరు ఆమెకు ఏమవుతారు మేడం?" అని అడిగింది. జెస్సీ "ఏమీ కాను" అంది. పేరు చెప్పకుండా పెట్టేసింది.

రెండు రోజులకు రాజారత్నం దగ్గర్నుంచి మెసేజి: "ఎవరో ఇద్దరు ఆడవాళ్లు ఇంటికి వచ్చి మా ఆమెను అడిగినారు. అంతా బాగుండాదని ఆమే చెప్పి పంపింది. కాఫీ ఇచ్చినాము. మేడం, చదివేవాళ్లు చదివేవాళ్ల మాదిరే ఉంటే అందరికీ మంచిది. వాళ్లు పోయినాక ఈడ ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు."

ఊహించుకుంది. పొద్దున్నే స్కూలుకు సెలవు చెప్పి, పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కింది. పుస్తకం తిరిగిచ్చే వంకన తలుపు తెరుస్తారు, ఆమెను వెంటబెట్టుకుని వచ్చెయ్యాలి. అంతకు మించి ఆలోచన లేదు.

గేటు దగ్గర పాలు పిండే వరదమ్మ గడ్డిమోపు దించుతోంది. అరవై దాటిన ముసలామె. "సారు లేడే. పాల కేంద్రానికి పోయినాడు" అని, జెస్సీ ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఆయమ్మ కొట్టంలో ఉండాది. పోయేదుంటే బిన్నా పో, ఆయనొచ్చేలోగా."

కొట్టంలో పంకజాక్షి ఒంటిచేత్తో గడ్డి ఎత్తుతోంది. ఎడమ చేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుంది. ముంజేయి వంకర తిరిగి ఉబ్బి ఉంది. ఎముక విరిగింది, కట్లు కట్టేవాడి కూతురికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అక్కా, ఆసుపత్రికి పోయినావా?"

పంకజాక్షి గడ్డి కింద పడేసింది. "నువ్వేనా ఫోను సేసింది?"

"నేనే."

"ఏంటికి సేసినావు? ఆ పొద్దు కూసోనుంటివే, బుక్కు సూస్తా. నేను తొట్టికాడ రగతం కడుక్కుంటా ఉంటే సంచి పట్టుకోని పోతివే. అట్లనే పోయి గమ్మునుండాల్సింది. ఇరవై ఆరేళ్లు నేను గమ్మున ఉండ్లా? నీ ఒక్క ఫోనుకు నా చెయ్యి పోయింది."

జెస్సీ తలొంచుకుంది. "తప్పు చేసినానక్కా. లేచి రావాల్సింది. రాలేదు. ఆ బుక్కు మీద ఆశ." తలెత్తి అంది, "నాతో రా. తిరుపతిలో నా గది ఉండాది. చేతికి కట్టు కట్టిద్దాం ముందు."

"యాడికొచ్చేది? మా తమ్ముడు చిత్తూర్లో ఉండాడు, మూడుసార్లు పోతే మూడుసార్లూ వాడే ఈయన్ని పిలిపించి అప్పజెప్పినాడు. పెద్దమనిషి బావ, ఇంగిలీసు మాట్లాడతాడు, ఫ్రెంచి మాట్లాడతాడు. ఎవురు నమ్మేది?"

"నేను నమ్ముతా. నేను విన్నా కదా."

పంకజాక్షి ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత "ఆధార్ కార్డు బీరువాలో ఉండాది" అంది. అంతే, లోపలికి పోయింది. రెండు చీరలు, కార్డు, ఒక మాత్రల డబ్బా గుడ్డసంచిలో వేసుకుని వెనక గుమ్మంలోంచి మళ్లీ కొట్టంలోకే వచ్చింది, అటునుంచి రోడ్డు దగ్గర కాబట్టి.

కారు గేటులోకి వచ్చి ఆగింది.

రాజారత్నం కొట్టం వాకిట్లో నిలబడి ఇద్దర్నీ చూశాడు, గుడ్డసంచి చూశాడు. కోపం కనబడలేదు. "వరదమ్మా, నువ్వింటికి పో" అని బయటికి కేకేశాడు. తర్వాత జెస్సీ వైపు చెయ్యి చాపాడు. "పుస్తకం తెచ్చినారా?"

ఆమె ఇచ్చింది. ఆయన గుడ్డ విప్పి, నాలుగు మూలలూ బొటనవేలితో తడిమి చూసి, తవుడు మూట మీద జాగ్రత్తగా పెట్టాడు. గోడనున్న మిషను స్విచ్చి వేశాడు. మోత మొదలైంది. మూలనున్న నీళ్ల పైపు ముక్క తీసుకున్నాడు.

మొదటి దెబ్బ జెస్సీ దవడ మీద పడింది.

వందల హత్యలు చదివిన మనిషి ఆమె. దెబ్బ తగిలినవాళ్లకు ఏమనిపిస్తుందో, కళ్ల ముందు ఏ రంగులు తిరుగుతాయో, ఏ జ్ఞాపకాలు వస్తాయో అందమైన ఫ్రెంచిలో ఆమెకు నోటికొచ్చు. అలాంటిదేమీ జరగలేదు. నోట్లో ఏదో విరిగింది, ఉప్పగా నిండింది, నేల వచ్చి ముఖానికి తగిలింది. మాట అనేదే లేదు లోపల. రెండో దెబ్బ భుజం మీద. మూడోది ఎక్కడో తెలియలేదు. పేడలో అరచేతులు జారుతున్నాయి. గొడ్డు బాధ అంటారే, అది. పక్కనున్న గొడ్లు గుంజలు పెరుక్కుంటూ అరుస్తున్నాయి, తనూ వాటితో పాటు అరుస్తోందని కాసేపటికి తెలిసింది.

ఆయన వంగి, పైపును ఆమె మెడకు అడ్డంగా పెట్టి రెండు చేతుల్తో నొక్కాడు. ఏదో చెబుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి, మిషను మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. చూపు అంచుల్నుంచి నల్లబడుతూ వచ్చింది.

పంకజాక్షి పాలక్యాను మూత తీసుకుంది. కొబ్బరికాయంత బరువుండే మూత. కుడిచేత్తో పైకెత్తి, మొగుడి తల వెనక కొట్టింది. ఆయన లేచి వెనక్కి తిరిగాడు, నమ్మలేనట్టు. ఆమె మళ్లీ కొట్టింది, ఈసారి కణత మీద. చెవి చీలి రక్తం చొక్కా మీదికి దిగింది. "ఏయ్" అన్నాడు, పనివాళ్లను అదిలించినట్టు. ఆమె గొంతులోంచి మాట కాని కేక ఒకటి వచ్చి, మూడోసారి కొట్టింది. ఆయన తూలి, ఆనుకోడానికి చెయ్యి పక్కకు చాపాడు. చెయ్యి మిషను నోట్లో పడింది.

ఆ మిషను గడ్డిని పళ్ల రోలర్లతో లోపలికి లాక్కుని చక్రానికున్న కత్తుల కిందికి తోస్తుంది. గడ్డికీ చేతికీ దానికి తేడా లేదు. వేళ్లు పోయాయి, అరచెయ్యి పోతోంది. మోత మారింది, గట్టి కట్టె అడ్డం పడినప్పుడు మారినట్టు. రాజారత్నం అరుపు మిషనును మించి లేచింది. అవతలి పక్క పచ్చగడ్డి కుప్ప మీద ఎర్రగా చిమ్ముతోంది.

స్విచ్చి పంకజాక్షి భుజం పక్కనే ఉంది. ఆమె దాని వైపు చూడలేదు. మొగుణ్నే చూస్తూ నిలబడింది.

"ఆపక్కా!" అనాలని జెస్సీ నోరు తెరిచింది, దవడ కదల్లేదు. పేడలో పాకింది. మోకాళ్ల మీద లేచి, గోడ పట్టుకుని, పంకజాక్షిని పక్కకు నెట్టి స్విచ్చి ఆపింది. మోత ఆగాక ఆ కొట్టంలో వినబడింది ఒక్క ఆయన గొంతే, అది మనిషి గొంతులా లేదు.

ఆయన వెనక్కి తూలి పడ్డాడు, చేతికి మణికట్టు దాకా ఏమీ మిగల్లేదు. రక్తం గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతోంది. జెస్సీ తన చున్నీ లాగి ఆయన మోచేతి కింద బిగించి ముడేసింది. ఆగలేదు. చున్నీలో కట్టె దూర్చి మెలిపెట్టాలి, నాయన వందసార్లు చెప్పిన పని. పంకజాక్షి కాళ్ల దగ్గర కర్రముక్క ఒకటి పడి ఉంది. జెస్సీ దాని వైపు వేలు చూపించింది.

పంకజాక్షి కదల్లేదు. "పోనీలే" అంది. "పోతే పోనీ. ఏంటికి కడతావు? నిన్ను సంపేటోడు గదా ఇప్పుడు."

జెస్సీ చెయ్యి చాపే ఉంది. నోట్లోంచి రక్తం బొట్లు బొట్లుగా పడుతోంది.

చివరికి పంకజాక్షి వంగి కర్ర తీసి ఆమె చేతికిచ్చింది. ఇచ్చి, గొడ్ల మధ్య గచ్చు మీద కూలబడి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అప్పటికి వరదమ్మ రోడ్డు మీది టీ అంగడి నుంచి నలుగురు మగవాళ్లను తీసుకుని పరిగెత్తుకొచ్చింది. ఇంటికి పొమ్మంటే ఆ ముసలామె ఇంటికి పోలేదు.

రాజారత్నం బతికాడు. తనను ఇద్దరు ఆడవాళ్లు కలిసి చంపబోయారని కేసు పెట్టాడు. ఆయన మీద వీళ్ల కేసు, వీళ్ల మీద ఆయన కేసు, రెండూ చిత్తూరు కోర్టులో మూడేళ్లు నడిచాయి. పలమనేరులో సగం మంది ఆయన పక్షమే. అంత చదువుకున్నవాడు, పైగా అవిటివాడయ్యాడు పాపం, అన్నారు. తమ్ముడు వచ్చి రాజీ పడమన్నాడు. వరదమ్మ మాత్రం కోర్టుకొచ్చి, ఇరవై ఏళ్లుగా ఆ మిషను గడ్డి లేనప్పుడు కూడా ఎందుకు తిరిగేదో చెప్పింది. అప్పుడు మాట మారింది.

పంకజాక్షిని బోనెక్కించిన రోజు వాళ్ల లాయరు ఒకటికి పదిసార్లు చెప్పి పంపాడు: స్విచ్చి సంగతి అడిగితే కంగారులో చూడలేదని చెప్పమ్మా. అవతలి లాయరు అదే అడిగాడు. "స్విచ్చి నీకెంత దూరంలో ఉండింది?"

"నా చేతికందే దూరమే సామీ."

"మరి ఆపలేదే?"

"ఆపలేదు."

"ఎందుకని?"

"ఆపాలనిపించలేదు" అంది పంకజాక్షి. హాల్లో వెనక బెంచీ మీద కూచున్న జెస్సీ కళ్లు మూసుకుంది. "ఇరవై ఆరేండ్లు ఆ మిషను తిరగతా ఉంటే ఆయనెప్పుడూ ఆపలేదు సామీ. నాకు ఆపేది గుర్తే రాలేదు. ఆపింది ఆయమ్మే. కట్టు కట్టింది కూడా ఆయమ్మే."

జడ్జి ఆ మాట రాసుకున్నాడు. తీర్పులో ఇద్దరు ఆడవాళ్లదీ ప్రాణం కాపాడుకునే ప్రయత్నమేనని కేసు కొట్టేశాడు. రాజారత్నానికి శిక్ష పడింది. పైకోర్టుకు పోయి బెయిలు మీద బయటే తిరుగుతున్నాడు, అది వేరే సంగతి. పలమనేరు వైపు ఇద్దరూ పోరు.

ఏడో సంపుటం కోర్టు ఆస్తిగా ఒక అట్టపెట్టెలో ఉండిపోయింది, రక్తం పడ్డ అట్టతో. కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చని గుమాస్తా చెప్పాడు. "అది నాది కాదండీ" అంది జెస్సీ.

ఆమెకు రెండు పళ్లు పోయాయి. దవడకు ప్లేటు వేశారు. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు ఇప్పుడు సరిగ్గా పలకవు. ఆరో తరగతి పిల్లలు నవ్వుతారు. ఆమె కోప్పడదు, మళ్లీ చెబుతుంది.

పంకజాక్షి చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేస్తోంది. మిగతా నెలలు ఒక హాస్టల్లో వంట. వక్రంగా అతికిన చెయ్యి చలికి లాగుతుంది. నెలకొక ఆదివారం తిరుపతికి వచ్చి జెస్సీ దగ్గర ఉంటుంది. రాగిసంగటి, చెనిక్కాయలు నూరి ఊరిబిండి చేసి పెడుతుంది. వాళ్లిద్దరూ స్నేహితులా అంటే చెప్పడం కష్టం. ఆ మొదటి శనివారం సంగతి పంకజాక్షి మర్చిపోలేదు, మర్చిపోయినట్టు నటించదు కూడా. కోపమొస్తే అదే ఎత్తి పొడుస్తుంది. జెస్సీ పడుతుంది.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పుస్తకాల గది గుమ్మంలో నిలబడి, అలమరలో ఉన్న ఆరు నల్లటి అట్టల వైపు చూసింది.

"ఏముండాది వీటిల్లో? ఆయన సదవతా నవ్వుకునేవాడు. ఒకటి సదువు సూస్తాం."

జెస్సీ వద్దంది. పంకజాక్షి వినలేదు. నేల మీద గోడకానుకుని కూచుంది. చేసేది లేక జెస్సీ రెండో సంపుటం తీసి, ఒక మిల్లు యజమాని తన పెళ్లాన్ని గొంతు పిసికే కథ, ఫ్రెంచిలో చూస్తూ తమ మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. ఆ భార్య చనిపోయే ముందు మొగుణ్ని శపిస్తూ చెప్పే మాటలు పేజీన్నర ఉంటాయి. పుస్తకం దొరికిన కొత్తలో జెస్సీ వాటిని కంఠతా పట్టింది.

నాలుగు వాక్యాలు కాకముందే పంకజాక్షి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపు ఆపు. గొంతు పట్టుకోనుండాడా, వదిలినాడా?"

"పట్టుకునే ఉండాడు."

"మళ్ల అన్ని మాటలు ఎట్ల మాట్లాడతా ఉండాది? ఊపిరి యాడుంటాది?" పంకజాక్షి తన మెడ మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. "ఈడ నొక్కితే నాలిక బయటికొస్తాది, అంతే. రాసినోడికి తెలీదు. ఎవురూ నొక్కినట్టు లేరు వాణ్ని."

జెస్సీ పేజీ వైపు చూసింది. తన మెడ మీద పైపు ఆనిన చోట చేయి పెట్టుకుంది. నిజమే. పంతొమ్మిదేళ్లు వెతికి తెచ్చుకున్న పుస్తకాల్లో అంత పెద్ద తప్పు ఉంటే తనకు తెలియనే లేదు.

"అయితే ఆమె ఏమీ మాట్లాడదక్కా. తీసేస్తున్నా" అంది.

"తీసెయ్" అంది పంకజాక్షి, కాళ్లు బారజాపుకుంటూ. "తలుపు యాడుండాదో అది సెప్పు ముందు. ఆయమ్మ తలుపు పక్కకు సూస్తా ఉంటాది, మాటలేం మాట్లాడదు."

జెస్సీ పేజీ వెనక్కి తిప్పి, ఆ గదికి తలుపు ఎక్కడుందో వెతకసాగింది.